కుడివైపు సీటు

ఆ ఇంట్లో కోడల్ని అందరూ కెప్టెన్ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మామగారు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చేనాటికి ఆమె చేతిలో పైలట్ లైసెన్సు ఉందేగాని ఉద్యోగం లేదు. అయినా మొదటి వారంలోనే ఆయన వరండాలోంచి, "కెప్టెన్ గారూ, టీ చల్లారిపోతోంది" అని పిలిచారు. వేళాకోళం చేస్తున్నారేమోనని ఆమె చిన్నబుచ్చుకుంది. కాదని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆయనకు వేళాకోళం చేతకాదు. రేడియోలో వార్తలు చదవడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మందుసీసా మీద చీటీ చదివినా వార్తల్లాగే చదివేవారు. పూటకి రెండు చెంచాలు అన్నా దేశమంతా వినాల్సిన మాటలా ఉండేది.

ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. నిజంగానే కెప్టెన్ అయింది. కాక్‌పిట్‌లో ఎడమవైపు ఉండే కెప్టెన్ సీట్లో కూర్చుని చాలా ఏళ్లు విమానాలు నడిపింది. ఆ ఎయిర్‌లైన్స్ కిందటేడు మూతపడింది. ఒకరోజు యూనిఫాం వేసుకుని చెప్పుల అలమర దగ్గర వంగి బూట్లు తొడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది, రానక్కర్లేదని. ఆ తర్వాత సామాను తెచ్చుకోవడానికి ఎయిర్‌పోర్టుకి వెళితే, ఆమె నడిపిన విమానం ఓ మూలన నిలబెట్టి ఉంది. ఇంజన్లకు ఎర్ర గుడ్డ మూతలు, చక్రాలకు దిమ్మలు. కిటికీ అద్దాల మీద దుమ్ము పేరుకుంది. తోడొచ్చిన సెక్యూరిటీ మనిషి "పదండి మేడమ్" అనేదాకా ఆమె కదల్లేదు.

కొన్ని నెలలు ఏ కబురూ లేకుండా గడిచాయి. చివరికి ఇంకో ఎయిర్‌లైన్స్ నుంచి మెయిల్ వచ్చింది. కో-పైలట్లు కావాలి. ముందు రాతపరీక్ష, అందులో నెగ్గితే ఇంటర్వ్యూ. అనుభవం ఎంత ఉన్నా మినహాయింపు లేదు. ఆ మెయిల్ ఆమె వంటింట్లో స్టవ్ ముందు నిలబడి చదివింది.

"పాలు పొంగుతున్నాయే" అంది అత్తగారు, వెనకనుంచి వచ్చి మంట తగ్గిస్తూ. "ఏమిటా ఫోన్లో?"

"పరీక్ష రాయమంటున్నారు అత్తయ్యా."

"ఎవర్ని?"

"నన్నే."

"ఇన్నేళ్లు నడిపినదానికి పరీక్షేమిటి? వాళ్లొచ్చి నీ దగ్గర నేర్చుకుపోవాలి గాని."

"కొత్త కంపెనీ కదా. కొత్తగా చేరేవాళ్లందరికీ ఒకటే రూలు."

అత్తగారు గిన్నె దించి మూత పెట్టింది. "పోనీలే. రాసెయ్. నీకేం భయం" అని గొంతు మార్చింది. కెప్టెన్‌కి మాత్రం భయంగానే ఉంది. విమానం నడపడం వేరు, విమానం గురించి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం వేరు. చేతికి తెలిసింది చాలాసార్లు నోటికి రాదు.

ఆ ఆదివారం ఆమె భర్త అటక ఎక్కి పాత పుస్తకాలు దించాడు. అతను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. దుమ్ముకి తుమ్ముతూ, ఒక్కొక్కటే తువ్వాలుతో తుడిచి కిందికి అందించాడు. వాతావరణశాస్త్రం, ఇంజన్లు, నావిగేషన్, చట్టాలు. అట్టలు ఊడిపోయిన ప్రశ్నల పుస్తకం ఒకటి. అందులో అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి, అతనివే.

"ఇందులో ఒక్క జవాబూ నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు" అన్నాడు అటక మీదినుంచే. "అచ్చుతప్పు మాత్రం ఒక్కటి వదల్లేదు చూసుకో."

ఆమె నవ్వుతూ పుస్తకం తెరిచింది. పాత కాగితం వాసనతో పాటు, పెళ్లయిన కొత్తలో ఆ ఇంటి సాయంత్రాలన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడ్డాయి.

అప్పట్లో భర్తకి ప్రెస్సులో మధ్యాహ్నం షిఫ్టు. అతను లేని ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, ఆమె ముందుగదిలో చాప పరుచుకుని ఎయిర్‌లైన్స్ పరీక్షకి చదువుకునేది. మామగారు సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పేము కుర్చీలో కూర్చునేవారు. మొదటిరోజు కాసేపు ఆమె వైపు చూసి, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు.

"వాతావరణం మామయ్యా."

"అయితే ఒక మాట చెప్పు. అల్పపీడనం అంటే ఏమిటి?"

ఆమె పుస్తకంలోని నిర్వచనం గడగడా అప్పజెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఇది పుస్తకం చెప్పింది. నువ్వు చెప్పు" అన్నారు.

ఆమె కాసేపు తడుముకుని, ఒకచోట గాలి వేడెక్కి తేలికై పైకి పోతుందనీ, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న గాలి తోసుకొస్తుందనీ, అదీ పైకి పోయి చల్లబడి మబ్బవుతుందనీ చెప్పింది.

"అంటే బస్సులో ఒక సీటు ఖాళీ అయితే నలుగురూ ఎగబడ్డట్టు" అన్నారాయన.

"దాదాపు అంతే."

"ఇదీ మాటంటే. ఇంత సులువుగా ఉందా?" అని ఆయన చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయారు. మర్నాటినుంచి ప్రశ్నల పుస్తకం ఆయన చేతిలోకి వెళ్లింది. ప్రశ్న వార్తల ఫక్కీలో చదివేవారు, నిదానంగా, కామా దగ్గర ఆగి, ఆఖరి మాట మింగకుండా. ఆమె జవాబు చెప్పాక, అదే జవాబు ఎందుకైందో మామూలు తెలుగులో విడమర్చి చెప్పాలి. అది ఆయన పెట్టిన షరతు. వినేవాడికి అర్థం కాకపోతే చెప్పేవాడికీ అర్థం కానట్టే అనేవారు. రెక్క గాలిలో ఎందుకు పట్టు కోల్పోతుందో, ఎండ మండిపోయే రోజున విమానం లేవడానికి రన్‌వే ఎక్కువ ఎందుకు కావాలో, అన్నీ ఆయనకి చెబుతూనే ఆమె నేర్చుకుంది. వంటింట్లో కూరలు తరుగుతూ అత్తగారు కూడా ఓ చెవి ఇటే పడేసేది. "ముందు ఆ రెక్క సంగతి తేల్చేసి భోజనానికి రండి. రెక్క చల్లారదు, కూర చల్లారుతుంది" అనేది.

ఒకసారి టేకాఫ్ వేగాల దగ్గర ఆమె తికమకపడింది. ఫలానా వేగం లోపల ఏదైనా తేడా వస్తే ఆగిపోవచ్చు. అది దాటాక ఇంజన్ ఆగినా సరే పైకి వెళ్లి తీరాలి. రన్‌వే మిగలదు. నియమం తెలుసు, మనసుకి మాత్రం పట్టడం లేదు. ఇంజన్ ఆగితే ఎవరైనా ఆగిపోవాలనే అనుకుంటారు కదా.

మామగారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "స్టూడియోలో ఎర్రలైటు వెలుగుతుందమ్మా" అన్నారు. "వెలగక ముందు దగ్గొస్తే చెయ్యెత్తొచ్చు. ఇంకొకళ్లు కూర్చుంటారు. వెలిగి, మొదటి వాక్యం ఎత్తుకున్నాక దగ్గొచ్చినా, దోమ కుట్టినా, కాగితం ఎగిరిపోయినా చదవాల్సిందే. ఎందుకో తెలుసా? అవతల వినేవాళ్లు అప్పటికే మనతో బయల్దేరిపోయారు."

ఆ పరీక్ష ఆమె నెగ్గింది, ఇంటర్వ్యూ కూడా. ఫలితం తెలిసిన సాయంత్రం మామగారు గుమ్మంలో నిలబడి, చేతిలో ఖాళీ కాగితం పట్టుకుని, "ఈనాటి ముఖ్యాంశాలు" అని మొదలుపెట్టారు. పక్కింటివాళ్లు నిజంగా ఏదో జరిగిందనుకుని బయటికొచ్చారు. ఆ గొంతు అలాంటిది. వీధి చివరనుంచి విన్నా ఆయనదేనని తెలిసిపోయేది.

ఆ గొంతు ఇప్పుడు లేదు. రెండేళ్ల కిందట గొంతుకి ఆపరేషన్ జరిగింది. ప్రాణానికి ముప్పు తప్పింది, మాట మాత్రం గుసగుస దగ్గర ఆగిపోయింది. నాలుగు ముక్కలు మాట్లాడితే ఆయాసం. అందుకని ఆయన చేత్తో సైగలు చేయడం అలవాటు చేసుకున్నారు. పేపరు కూడా మనసులోనే చదువుకునేవారు. ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తరు.

కాబట్టి ఈసారి కెప్టెన్ ఆయన్ని అడగలేదు. అడిగితే ఆయనకి బాధ కలుగుతుందేమోనని. ఆయనా ముందుకు రాలేదు, కాదనిపించుకోవడం ఇష్టంలేకేమో. ఆమె ముందుగదిలో ఒక్కతే కూర్చుని గొణుక్కుంటూ చదువుకుంటే, ఆయన వరండాలో పేము కుర్చీలో కూర్చుని వీధి చూసేవారు. మధ్యలో ఒక తలుపు ఉంది, తీసే ఉండేది.

ఇది చూడలేక అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. "ఇటివ్వు. నేనడుగుతాను."

ఆవిడ చదివే తీరే వేరు. ప్రశ్నలో సగం చదివి, "అబ్బ, ఇంత పొడుగెందుకు రాశారో" అని మిగతాది వదిలేసేది. అంకెలు తనకి నచ్చిన చోట తెగ్గొట్టేది. జవాబుల దగ్గర సలహాలు కూడా ఇచ్చేది.

"నాకైతే మూడోది బాగుందనిపిస్తోందే. నిండుగా ఉంది చూడ్డానికి."

"అలా పెట్టకూడదు అత్తయ్యా."

"పోనీ రెండోది పెట్టు. పాపం, ఇందాకట్నుంచి దాన్ని ఒక్కసారీ పెట్టలేదు."

కెప్టెన్ పడీపడీ నవ్వింది. ఉద్యోగం పోయాక ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి. వరండాలో కుర్చీ కిర్రుమంది. మామగారు లేచి, నెమ్మదిగా నడిచి లోపలికొచ్చారు. ఇన్నేళ్లు మాటని అపురూపంగా చూసుకున్న మనిషికి ఆ చదువు వింటూ ఊరుకోవడం సాధ్యం కాలేదు. భార్య చేతిలోని పుస్తకంలోకి వంగి, ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ ఆగాలి" అన్నారు గుసగుసగా.

"ఆగాను కదా."

"ఆగలేదు. ఇక్కడ ఆగకపోతే అర్థం తిరగబడుతుంది."

"అంత తెలిసినవారు మీరే చదవండి మరి" అంది అత్తగారు, పుస్తకం ఆయన చేతిలో పెట్టేసి. విసుక్కున్నట్టు అందేగాని, లోపలికి వెళ్తూ కోడలి భుజం నొక్కి వెళ్లింది.

ఆయన కూర్చున్నారు. కెప్టెన్ తన కుర్చీని ఆయన కుర్చీకి ఆనించింది. ఆయన చదవడం మొదలుపెట్టారు. మొదటి వాక్యం ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. ఆమె లేచి ఫ్యాను ఆపింది. వీధిలో ఆటో వెళ్తోంది. భర్త వచ్చి కిటికీ మూశాడు. వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. ఒకప్పుడు ఆయన నోరు తెరిస్తే ఇల్లంతా నిండిపోయేది. ఇప్పుడు ఆయన నోరు తెరవడానికి ఇల్లంతా సద్దుమణగాల్సి వచ్చింది. కాని కామా కామా దగ్గరే ఉంది. ఆఖరి మాట చివరిదాకా వినిపించింది.

రోజూ కొంచెం కొంచెంగా చదివారు. ఆయాసం వస్తే పుస్తకం మూసి కళ్లు మూసుకునేవారు. అప్పుడు ఆమె జవాబుని నెమ్మదిగా, మామూలు మాటల్లో చెబుతూ పోయేది. ఆయన తల ఊపితే ముందుకి, ఊపకపోతే మళ్లీ మొదటికి. ఏళ్ల తరబడి చేత్తో చేసిన పనులకి మాటలు వెతుక్కోవడం ఆమెకు ఇష్టంగా తోచసాగింది. కొన్నిసార్లు పుస్తకం వదిలేసి, తను నిజంగా దాటిన గాలివానల గురించి, పొగమంచులో దిగలేక వెనక్కి తిప్పిన రోజు గురించి చెప్పేది. ఇన్నాళ్లూ డ్యూటీ, నిద్ర, డ్యూటీ. ఇవి చెప్పే తీరికే దొరకలేదు.

పరీక్ష హాల్లో అంతా పాతికేళ్ల లోపువాళ్లే. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి ఆమెను ఆపి, "మేడమ్, పెన్నులు లోపలికి తీసుకెళ్లొచ్చా, మీరే ఇస్తారా?" అని అడిగింది.

"నేనూ నీలాగే రాయడానికే వచ్చానమ్మా. ఎందుకైనా మంచిది, ఒకటి అదనంగా పెట్టుకో."

ఆ అమ్మాయి సిగ్గుపడిపోయింది. తర్వాత కెప్టెన్ పక్క సీటే దొరికింది ఆ అమ్మాయికి. కెప్టెన్ ప్రశ్నపత్రం తెరిచి ప్రతి ప్రశ్ననీ నిదానంగా చదువుకుంది, కామా దగ్గర ఆగుతూ. రెండు మూడు చోట్ల ఆగబట్టే ప్రశ్నలోని మెలిక కనబడింది.

రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న చీఫ్ పైలట్‌ని చూడగానే గుర్తుపట్టింది. ఒకప్పుడు ఆమె పక్కన కో-పైలట్‌గా కుడివైపు సీట్లో కూర్చున్నవాడే. ఆమె లోపలికి రాగానే అలవాటు కొద్దీ అతను కుర్చీలోంచి సగం లేచి, సంగతి గుర్తొచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాసేపు కాగితాలు సర్దుకున్నారు.

మొదట అతనే అడిగాడు. "తడి రన్‌వే మీద టైరు నీటి పొర మీద జారిపోయే వేగం దేన్నిబట్టి ఉంటుంది?"

"టైర్లో గాలి ఒత్తిడిని బట్టి. ఒత్తిడి ఎక్కువైతే ఆ వేగమూ ఎక్కువే. లెక్కకట్టే సూత్రం ఒకటుంది. నిన్నటిదాకా వచ్చు. ఇప్పుడు గుర్తు రావడం లేదు."

"ప్రయత్నించండి."

"వద్దండి. ఊహించి తప్పు చెప్పడం కన్నా చూసి చెప్పడం మేలు."

అతను ఏదో రాసుకున్నాడు. పక్కనున్న హెచ్ఆర్ ఆవిడ అందుకుంది. "చాలా ఏళ్లు కెప్టెన్‌గా చేశారు. ఇక్కడ మీకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలి. ఆ కెప్టెన్ పొరపాటు చేస్తున్నాడనిపిస్తే ఏం చేస్తారు?"

"చెప్తాను."

"వినిపించుకోకపోతే?"

"మళ్లీ చెప్తాను. ఈసారి కెప్టెన్ అని పిలిచి, ఏం తప్పో, ఏం చెయ్యాలో రెండూ చెప్తాను. అప్పటికీ కదలకపోతే, ఆపద దగ్గరపడితే కంట్రోల్స్ నేను తీసుకుంటాను. దిగాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం."

"పొరపాటు మీదేనని తేలితే?"

"అతను చెప్పినందుకు సంతోషిస్తాను" అని ఆగింది. "వెంటనే కాదులెండి. ఓ పది నిమిషాలు ఆగి."

ముగ్గురూ నవ్వారు. చీఫ్ పైలట్ తలెత్తి మొదటిసారి ఆమె వైపు సూటిగా చూశాడు. "ఈవిడ చెప్పినట్టే చేస్తారు" అన్నాడు పక్కవాళ్లతో. "నేను ఎత్తిచూపిన ఒక తప్పు ఈవిడ ఒప్పుకున్నారు. అప్పుడు కూడా పది నిమిషాలే పట్టింది."

నమూనా కాక్‌పిట్‌లో పెట్టే సిమ్యులేటర్ పరీక్ష కూడా అయ్యాక ఉద్యోగం ఖాయమైంది. కో-పైలట్. అన్నీ తెలిసే వెళ్లింది. అయినా ఉత్తరంలో ఆ మాట అచ్చులో చూసేసరికి ఏదో కలుక్కుమంది. అందరూ సంతోషించారు. భర్త ఉత్తరమంతా చదివి, తప్పు ఒక్కటీ లేదని మెచ్చుకున్నాడు. ఆమె నవ్వి, పెరట్లోకి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఇంకా వెలుగుంది. తీగ మీద, మళ్లీ బయటికి తీసి ఉతికిన పాత యూనిఫాం చొక్కాలు ఆరుతున్నాయి. కెప్టెన్ అన్న గుర్తుగా భుజాల మీద నాలుగు పట్టీలుండేవి. ఇకమీద మూడు.

మామగారు గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె వైపు వంగి, "నీకో సంగతి చెప్పలేదు" అన్నారు.

ఆమె చెవి దగ్గరగా పెట్టింది.

"నువ్వీ ఇంటికొచ్చిన ఏడాదే నన్ను రాత్రి వార్తల్నుంచి తప్పించారు. కొత్త గొంతులు కావాలన్నారు. సాయంత్రం పూట సముద్రం మీదికెళ్లేవాళ్లకి వాతావరణ సూచన ఉంటుంది చూడు, అది చదవమన్నారు. నాలుగే నాలుగు ముక్కలు."

"ఇంటికి తొందరగా రావచ్చని మీరే అడిగి మార్పించుకున్నారనుకున్నాను."

"అలాగే చెప్పాను ఇంట్లో. మీ అత్తయ్యక్కూడా అసలు సంగతి తెలీదు."

"నాకప్పుడే తెలుసు" అంది అత్తగారు వంటింటి కిటికీలోంచి. "మీరు చెప్పే రోజు మీరే చెప్తారని ఊరుకున్నాను."

ఆయన కిటికీ వైపు చూశారు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ మొదలుపెట్టారు.

"చిన్నతనంగా ఉండేదమ్మా. రోజూ అల్పపీడనం, అల్పపీడనం అని చదివేవాణ్ణి. అదేమిటో తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. ఇంటికొస్తే సాయంత్రమంతా ఖాళీ. ఏం చెయ్యాలో తోచేది కాదు. అప్పుడు నువ్వు చాప మీద కూర్చుని అదే చదువుతూ కనిపించావు." ఆయాసం తీరాక మళ్లీ అందుకున్నారు. "నీకు నేను సాయం చేశానని అందరికీ చెప్తావు. విన్నప్పుడల్లా నాకు మొహమాటంగా ఉంటుంది. నువ్వు చెప్పింది విన్న మర్నాడు మైకు ముందు కూర్చుంటే, మొట్టమొదటిసారి నాకు పడవలు కనిపించాయి. నా మాట విని ఒడ్డునే ఉండిపోయే మనుషులు కనిపించారు."

చాపా, పేము కుర్చీ, ప్రశ్నల పుస్తకం, అన్నీ ఇన్నేళ్లూ కెప్టెన్ తను కూర్చున్నవైపు నుంచే చూసింది. అవతలివైపు కూర్చున్న మనిషి ఆ సాయంత్రాలు ఎలా గడిపాడో ఎప్పుడూ అడగలేదు.

"ఆ తర్వాత మరి చిన్నతనంగా అనిపించలేదా మామయ్యా?"

"అనిపించింది" అన్నారాయన నిజాయితీగా. "కొన్నాళ్లు అనిపించింది. తర్వాత పనిలో పడి మర్చిపోయాను."

ఆమె ఆయన చేయి పట్టుకుని లేపింది. చొక్కాలు ఆరిపోయాయి. లోపలికి వెళ్తూ ఇద్దరూ చెరికాసిని తీశారు.

శిక్షణ అయ్యాక మొదటి డ్యూటీ తెల్లారకముందే పడింది. ఆమె పక్కన కూర్చున్న కెప్టెన్ నిజంగానే చిన్నవాడు. ఆమె వివరాలు చదివి వచ్చినట్టున్నాడు, కొంచెం బిగుసుకుని ఉన్నాడు. "మీరు ఏదైనా..." అని నసిగాడు.

"మీరు కెప్టెన్. ఏం చెయ్యాలో చెప్పండి" అందామె.

అతను ఊపిరి వదిలాడు. "అయితే వెళ్లేటప్పుడు మీరు నడపండి. నేను రేడియో చూసుకుంటాను."

రన్‌వే ముందు విమానం ఆగింది. ఎడమవైపుకి బదులు కుడివైపునుంచి చూస్తే మధ్యగీత కాస్త వేరేచోట ఉన్నట్టుంది. తను కో-పైలట్‌గా మొదటిసారి ఎక్కిన రోజు కూడా అది సరిగ్గా అక్కడే ఉంది. ఆమె చేయి ఇంజన్ల జోరు పెంచే థ్రాటిల్ మీదికి వెళ్లింది, ఈసారి ఎడమచేయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "నువ్వు నడిపావా, ఊరికే కూర్చున్నావా?"

"వెళ్లేటప్పుడు నేను, వచ్చేటప్పుడు అతను."

"అయితే సగంసగం. న్యాయంగానే ఉంది" అని ఆవిడ బ్యాగు అందుకుంది. "ముందు ఆ బూట్లు విప్పి కాళ్లు చాపుకో. రేపెప్పుడు?"

"రేపు మధ్యాహ్నం."

"సరే, పొద్దున ఎవరూ నిన్ను లేపరు" అంటూ ఆవిడ బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లింది. కెప్టెన్ గోడకి ఆనుకుని కూర్చుని, బూట్ల ముడి విప్పుకుంది.